గిటారు మెత్తబడితే మాట వినిపిస్తుంది



ఒకప్పుడు మన విచారణల్లో హార్మోనియం, తబలా, తాళాలతో పూజ పాటలు సాగేవి. తరువాత వాటి పక్కన కీబోర్డు చేరింది, గిటారు చేరింది. యువతీయువకులు ఉత్సాహంగా నేర్చుకొని గాయక బృందంలో వాయిస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. కాని పూజ ముగిసి గుడి మెట్లు దిగేటప్పుడు పెద్దల నోట ఒక మాట తరచు వినిపిస్తుంది: "పిల్లలు బాగానే వాయించారు గాని, పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు నాయనా!" ఈ మాట యువకులకు నిష్ఠూరంగా తోస్తుంది. ముసలివారికి కొత్త వాయిద్యం గిట్టదులే అనుకుంటారు. మాటా మాటా పెరిగితే చివరకు గిటారు మూలన పడుతుంది, లేదా పెద్దలు పాడడం మానుకొని చేతులు కట్టుకొని నిలబడతారు. ఏది జరిగినా నష్టం విచారణకే.

ఈ తగవును తీర్చే దారి చాలావరకు గిటారు వాయించే చేతిలోనే ఉన్నది. స్టీలు తీగల గిటారును పట్టినట్టు పట్టి, కొట్టినట్టు కొడితే ఖణఖణమంటూ కీచుగా మ్రోగుతుంది. అదే గిటారును మరో తీరుగా మీటితే నిండుగా, మెత్తగా పలుకుతుంది. కొత్త గిటారు కొనమని బిడ్డలు అడిగేముందు, కొనిపెట్టే స్తోమత లేదని తల్లిదండ్రులు బాధపడేముందు, ఈ పాఠాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. ఇందులో చెప్పబోయేవాటిలో సగానికి పైగా పైసా ఖర్చు లేనివే.

శ్రీసభ ఏమి కోరుతున్నది?

గుడిలో గిటారు వాయించవచ్చునా అన్న ప్రశ్నకు ఆధారం 2వ వాటికన్ మహాసభ పత్రాలలో ఉన్నది. 1963 డిసెంబరు 4న వెలువడిన దైవార్చన చట్టం 120వ అంశం పైపు ఆర్గనుకు గౌరవస్థానం ఇచ్చింది. ఇతర వాయిద్యాలను కూడా అధికారుల సమ్మతితో అనుమతించింది. అయితే అవి పవిత్ర కార్యానికి తగినవై ఉండాలి, లేదా తగినట్లు మలచుకోగలిగినవై ఉండాలి; దేవాలయ గౌరవానికి ఒప్పాలి; విశ్వాసుల భక్తికి తోడ్పడాలి. మలచుకోవడం అన్న విషయాన్ని గమనించండి. వాయిద్యం ఎలాంటిదైనా, దానిని గుడికి తగినట్లు మలచవలసిన బాధ్యత వాయించేవారిపై ఉన్నది.

1967 మార్చి 5న పవిత్ర సంగీతాన్ని గురించి రోము నుండి వెలువడిన 'మూసికాం సాక్రాం' అనే ఉపదేశ పత్రం 64వ అంశం ఇంకా సూటిగా చెబుతుంది. వాయిద్యాలు గొంతులకు ఆసరాగా ఉండి, ప్రజలు పాడడాన్ని సులువు చేయాలి. వాటి మ్రోత గొంతులను కప్పివేసి, పాటలోని మాటలు వినబడకుండా చేయకూడదు. గురువు తన వంతు ప్రార్థనను గట్టిగా చెప్పేటప్పుడు వాయిద్యాలు మౌనం వహించాలి. మన పాఠానికంతటికీ ఇదే కొలబద్ద. గిటారు బాగుందా లేదా అని కాదు, మాట వినబడిందా లేదా అని మనల్ని మనం అడగాలి.

గుడిలో గిటారు నిన్న మొన్నటి వింత కూడా కాదు. లోకమంతా క్రిస్మస్ రాత్రి పాడుకొనే 'సైలెంట్ నైట్' పాట 1818 డిసెంబరు 24న ఆస్ట్రియా దేశంలోని ఒబెర్న్‌డార్ఫ్ గ్రామ దేవాలయంలో మొదటిసారి పాడబడింది. పదాలు రాసిన జోసెఫ్ మోర్ అనే గురువే ఆ రాత్రి గిటారు వాయించారు. బాణీ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ ఆయనతో గొంతు కలిపారు. అప్పటి గిటార్లకు స్టీలు తీగలు ఉండేవి కావు, పశువుల ప్రేగులతో చేసిన మెత్తని తీగలు ఉండేవి. 1940లలో ఆ తీగల స్థానంలోకి నైలాను వచ్చింది. మనలో ఎక్కువమంది చేతుల్లో ఉన్న స్టీలు తీగల గిటారు వేరే బాటలో పెరిగింది. అది గట్టిగా, దూరానికి వినబడడం కోసం తయారైనది. కనుక గుడిలో దానిని కొంచెం అదుపులో పెట్టుకోవాలి.

కీచుదనం ఎక్కడ పుడుతుంది?

గిటారుపై అన్నిటికన్నా లావు తీగను మీటితే అది సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. అది మూలస్వరం. అయితే ఆ తీగ అదే సమయంలో రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా కంపిస్తూ 164, 246, 328 అంటూ పైపై స్వరాలను పుట్టిస్తుంది. వీటిని అతిస్వరాలు అంటారు. మూలస్వరం బలంగా, పై అతిస్వరాలు తక్కువగా ఉంటే నాదం నిండుగా, గంభీరంగా వినిపిస్తుంది. పై అతిస్వరాలు మరీ ఎక్కువైతే అదే కీచుదనం.

ఇది మాటలను ఎలా చెడగొడుతుంది? మన మాటల్లో అచ్చుల బలం కింది స్వరాలలో ఉంటుంది. మాటకు రూపం ఇచ్చే హల్లుల స్పష్టత మాత్రం ఎక్కువగా 2000 నుండి 4000 హెర్ట్‌జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. గిటారు కీచుదనం కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. 'దయ' అన్న మాటకు, 'జయ' అన్న మాటకు తేడా మొదటి హల్లు ఒక్కటే. ఆ హల్లు పలికే క్షణంలో తీగలు ఖణేలుమంటే, చివరి బల్లలోని అమ్మమ్మకు దేవుని దయ కోరుతున్నామో, జయం పాడుతున్నామో తెలియదు. పైగా వయసు మళ్ళేకొద్దీ వినికిడి మొదట తగ్గేది ఈ పై స్వరాలలోనే. పెద్దల చెవికి హల్లులు అసలే పలచగా అందుతాయి. ఆ కాస్తను కూడా మనం కప్పేస్తున్నాము. వారి ఫిర్యాదును విసుగుగా కాక, సాక్ష్యంగా తీసుకోవాలి.

మొదటి మందు: కుడి చేయి

ఎక్కడ మీటుతున్నారో చూసుకోండి. తీగలు కట్టిన బ్రిడ్జి దగ్గర, అంటే దానికి 5, 6 సెంటీమీటర్ల దూరంలో మీటితే అతిస్వరాలు బాగా లేచి నాదం గరుకుగా వస్తుంది. చేతిని గుండ్రని రంధ్రం మీదుగా మెడ వైపు జరపండి. బ్రిడ్జికి సుమారు 20 సెంటీమీటర్ల దూరం, అంటే రంధ్రానికి మెడ వైపు అంచు, మెత్తని నాదానికి మంచి చోటు. ఒక్క తీగనే వరుసగా మీటుతూ చేతిని నెమ్మదిగా బ్రిడ్జి నుండి మెడ దాకా జరిపి వినండి. తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. స్తుతిగీతం ఉత్సాహంగా సాగేటప్పుడు చేయి రంధ్రం మధ్యకు రావచ్చు. అర్పణ గీతం, దివ్యసత్ప్రసాద గీతం వేళ మెడ అంచుకు వెళ్ళాలి.

దేనితో మీటుతున్నారో చూసుకోండి. పలచని ప్లాస్టిక్ పిక్ ప్రతి తీగ మీదా టకటకమని చప్పుడు చేస్తుంది. అర మిల్లీమీటరు మందం పిక్ వాడుతున్నవారు ఒక మిల్లీమీటరు లేక అంతకంటె మందమైనది, కొన గుండ్రంగా ఉన్నది తీసుకోండి. ఉన్న పిక్‌నే తిప్పి, మొనకు బదులు గుండ్రని భుజంతో మీటినా చాలా మార్పు వస్తుంది. అన్నిటికంటె మెత్తని నాదం బొటనవేలి కండతో వస్తుంది. గోరు తగిలితే గరుకు, కండ తగిలితే మెత్తన. నెమ్మదైన పాటలకు పిక్ జేబులో వేసుకొని బొటనవేలితో కింది తీగలను, మిగిలిన వేళ్ళ కండతో పై తీగలను మీటడం సాధన చేయండి.

ఎంత బలంగా మీటుతున్నారో చూసుకోండి. తీగను గట్టిగా కొట్టినకొద్దీ పై అతిస్వరాలు మరింత చెలరేగుతాయి, తీగ మెట్లకు తగిలి జివ్వుమంటుంది కూడా. ఆరు తీగలనూ ప్రతి దెబ్బలోనూ ఊడ్చనవసరం లేదు. తాళంలో మొదటి దెబ్బకు లావు తీగ ఒక్కటి, తరువాతి దెబ్బకు మధ్య తీగలు మూడు చాలు. సన్నని మొదటి తీగకు కొంత విశ్రాంతి ఇవ్వండి.

పాట వేగంగా ఉండి దరువు తప్పనిసరి అయితే, కుడి అరచేతి అంచును బ్రిడ్జి మీద తీగలకు తగిలీ తగలనట్టు ఆనించండి. మ్రోత సాగకుండా, కీచుదనం లేకుండా తబలాకు జోడుగా ధుమ్ ధుమ్‌మని పలుకుతుంది. ఎడమ చేతి విషయంలో ఒక్క మాట: కార్డు మార్చేటప్పుడు వేళ్ళను తీగల మీద ఈడ్చకండి, ఎత్తి పెట్టండి. ఆ ఈడ్పు చప్పుడు మైకులో పెద్దగా వినిపిస్తుంది.

కాపోను అయిదో మెట్టు, ఏడో మెట్టు దాకా ఎక్కిస్తే గిటారు సన్నబడి గణగణలాడుతుంది. వీలైనంత వరకు కాపో లేకుండా, లేదా ఒకటి రెండు మెట్లకు మించకుండా వాయించే కార్డులు ఎంచుకోండి. పాట శృతి ఒక అర స్వరం దించినా గిటారు నిండుగా పలుకుతుంది, జనానికి కూడా పై స్వరాలు అందుతాయి.

రెండవ మందు: తీగలు

ఇక కొంచెం ఖర్చుతో కూడిన సంగతి. స్టీలు గిటారు లావు తీగలకు పైన చుట్టిన లోహాన్ని బట్టి నాదం మారుతుంది. దుకాణంలో '80/20 బ్రాంజ్' అని అడిగితే ఇచ్చేవి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు జింకు కలిసినవి. ఇవి బాగా మెరుపుగా మ్రోగుతాయి. 'ఫాస్ఫర్ బ్రాంజ్' అనేవి రాగి, తగరం, కొద్దిపాటి ఫాస్ఫరస్ కలిసినవి. ఇవి కొంత నిండుగా పలుకుతాయి. 'సిల్క్ అండ్ స్టీల్' అనే రకం దొరికితే అది ఇంకా మెత్తన, వేళ్ళకూ సుఖం. కాని దాని గొంతు చిన్నది.

తీగల లావు కూడా ముఖ్యమే. మొదటి తీగ 10 అంటే అంగుళంలో వెయ్యింట పది వంతులు. అలవాటుగా 10 వాడేవారు 11 లేక 12 వేస్తే మూలస్వరం బలపడుతుంది. లావు పెరిగితే లాగుడు కూడా పెరుగుతుంది కనుక, పాత గిటారు అయితే మెడ వంగుతున్నదేమో తెలిసినవారికి చూపించి మార్చండి.

ఒక హెచ్చరిక. నైలాను తీగల గిటారు వేరు, స్టీలు తీగల గిటారు వేరు. నైలాను గిటారుకు స్టీలు తీగలు ఎన్నడూ వేయకండి. నైలాను తీగలు ఆరూ కలిసి సుమారు 40 కిలోల బలంతో లాగితే, 12 రకం స్టీలు తీగలు 70 కిలోలు దాటి లాగుతాయి. బ్రిడ్జి ఊడి రావచ్చు, పైచెక్క ఉబ్బవచ్చు. స్టీలు గిటారుకు నైలాను వేస్తే ప్రమాదం లేదు గాని, దాని చెక్కను కదిలించే బలం చాలక నాదం పేలవంగా వస్తుంది. విచారణ కోసం కొత్తగా ఒక గిటారు కొనే అవకాశం ఉంటే మాత్రం నైలాను గిటారును కూడా వాయించి చూడండి. చిన్న గుడికి, నెమ్మదైన పాటలకు అది చక్కగా ఒదుగుతుంది.

కొత్త తీగలు మొదటి రోజుల్లో బాగా ఖంగుమంటాయి, వాయించేకొద్దీ నెమ్మదిస్తాయి. అందుచేత క్రిస్మస్‌కో, గుడి పండుగకో ముందు రోజు రాత్రి తీగలు మార్చవద్దు. వారం ముందే మార్చి, రోజూ కొంతసేపు వాయించండి. శృతి కూడా నిలకడ పడుతుంది. అలాగని తుప్పు పట్టిన తీగలను మెత్తదనం కోసం ఏళ్ళ తరబడి ఉంచకండి. అవి శృతి తప్పుతాయి. శృతి తప్పిన వాయిద్యం ఎంత మెత్తగా ఉన్నా పాడేవారిని దారి తప్పిస్తుంది. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగల చెమట తుడవండి. కోస్తా ఊళ్ళలో ఉప్పుగాలికి ఇది మరీ అవసరం.

మూడవ మందు: చోటు, మైకు

సిమెంటు గోడలు, గచ్చు లేక టైల్స్ నేల, పైన రేకులు లేక శ్లాబు. మన గుళ్ళు చాలావరకు ఇలాంటివే. ఇవి పై స్వరాలను పీల్చుకోవు, తిప్పి కొడతాయి. మనుషులు, వారి బట్టలు ఆ స్వరాలను పీల్చుకుంటాయి. అందుకే శనివారం సాయంత్రం ఖాళీ గుడిలో సాధన చేసేటప్పుడు గిటారు కీచుగా, ఆదివారం నిండు గుడిలో కొంత మెత్తగా వినిపిస్తుంది. శనివారం విన్నదానినే తుది తీర్పుగా తీసుకోవద్దు.

గిటారు నాదం ముందుకు వెళుతుంది. వాయించేవారి చెవికి దాని పదును పూర్తిగా అందదు. ఎదుట బల్లలో ఉన్నవారికి అందుతుంది. కనుక సాధన సమయంలో గిటారును మరొకరి చేతికి ఇచ్చి, మీరు వెళ్ళి చివరి బల్లలో కూర్చొని వినండి. ఈ ఒక్క పని నెలకొకసారి చేసినా గాయక బృందం చాలా నేర్చుకుంటుంది.

మైకు పెట్టవలసి వస్తే దానిని రంధ్రానికి ఎదురుగా పెట్టకండి, గుబగుబమంటుంది. మెడ పెట్టెలో కలిసే చోటుకు ఎదురుగా 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. గిటారులోనే పికప్ ఉండి వైరుతో కలిపేవారు ఉన్నారు. బ్రిడ్జి కింద అమర్చే పికప్ నాదాన్ని సహజంగానే కరుకుగా పంపుతుంది. మిక్సర్‌లో గిటారు వరుసలో ట్రెబుల్ మీటను సగానికన్నా కొంచెం కిందికి తిప్పండి. బేస్ మీటను అమాంతం పెంచకండి. అది తబలాను, పురుషుల గొంతును మింగుతుంది. ముందు తగ్గించడం, తరువాతే పెంచడం అన్న నియమం పెట్టుకోండి.

మన పల్లెల్లో మరో సమస్య ఉన్నది. గుడి బయట కట్టిన హారన్ మైకులు మాటను దూరానికి పంపడానికి పుట్టినవి. సుమారు 300 హెర్ట్‌జ్‌లకు దిగువ స్వరాలు వాటిలో చాలా తక్కువగా పలుకుతాయి. 82 నుండి మొదలయ్యే గిటారు మూలస్వరాలు అందులో దాదాపు మాయమై, కీచుదనం మాత్రమే ఊరంతా వినిపిస్తుంది. ఎంత మంచి చేయి వాయించినా ఇంతే. కనుక వీలున్నచోట హారన్‌కు గొంతులను మాత్రమే పంపండి. గిటారును లోపలి బాక్సులకే పరిమితం చేయండి. చిన్న గుడి అయితే గిటారుకు అసలు మైకే వద్దు.

నాలుగవ మందు: మౌనం

మెత్తని నాదం నేర్చినవారు చివరగా నేర్వవలసినది చేయి ఆపడం. గురువు ప్రార్థిస్తున్నప్పుడు వెనుక సన్నగా తీగలు మీటడం కొన్నిచోట్ల భక్తిగా ఎంచబడుతున్నది. పైన చెప్పిన 64వ అంశం ప్రకారం అప్పుడు వాయిద్యాలు ఊరకుండాలి. తపస్సు కాలంలో వాయిద్యాలు పాటకు ఆసరాగా మాత్రమే వాయించాలని పూజాగ్రంథ సాధారణ నియమావళి 313వ అంశం చెబుతుంది. తపస్సు కాలపు నాలుగవ ఆదివారం, మహోత్సవాలు, పండుగలు దీనికి మినహాయింపు. ఆగమన కాలంలో కూడా మితంగా వాయించాలి. కనుక ఈ కాలాలు మెత్తని చేతికి మంచి బడి. నలభై రోజులు బొటనవేలితో, రెండు మూడు తీగలతో ప్రజల పాటను మోసినవారికి పాస్కా జాగరణలో మహిమ గీతం వేళ ఆరు తీగలనూ ఎలా విప్పాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ వారం ఇంటి సాధన

ఒక్కొక్క రోజు పావుగంట చాలు. మొదటి రెండు రోజులు ఒకే కార్డును బ్రిడ్జి దగ్గర, రంధ్రం మీద, మెడ అంచున వాయించి తేడా గుర్తుపట్టండి. తరువాతి రెండు రోజులు పిక్‌తో ఒకసారి, బొటనవేలితో ఒకసారి అదే పాట వాయించండి. అయిదో రోజు ఇంట్లో ఒకరిని పాడమనండి. మీరు గిటారును వారి గొంతు కన్నా తక్కువలో ఉంచండి. ఆరో రోజు ఇంటి పెద్దను వసారా చివర కూర్చోబెట్టి, ఎవరికీ కంఠస్థం కాని ఒక కొత్త పాట పాడి వినిపించండి. పాట అయ్యాక ఎలా ఉందని అడగకండి. ఏ మాటలు వినబడ్డాయో చెప్పమనండి. అన్నీ చెప్పగలిగితే మీ చేయి గుడికి సిద్ధమైనట్టే. చెప్పలేకపోతే ఎక్కడ మాట తప్పిందో అక్కడ చేయి తగ్గించి మళ్ళీ వాయించండి.

తల్లిదండ్రులారా, ఈ పరీక్షలో మీరు కూర్చోండి. బిడ్డలను ఆక్షేపించడానికి కాదు, వారికి చెవులుగా ఉండడానికి. విచారణ పెద్దలారా, మాట అర్థం కాలేదని చెప్పేటప్పుడు ఏ పాటలో, ఏ చరణంలో అని కూడా చెప్పండి. అప్పుడు అది విమర్శ కాక సాయం అవుతుంది. యువతీయువకులారా, మీ గిటారు మెత్తబడిన ఆదివారం మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా పొగడకపోవచ్చు. అయితే చివరి బల్లల నుండి పెద్దల గొంతులు మెల్లగా లేచి పాటలో కలుస్తాయి. చెవి పెట్టి వినండి. మీరు వాయించినది ఆ పాట కోసమే.